వాయిదాల మీద కొన్న వెండి డాలరు

పోయిన ఆదివారం తెనాలి నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడికీ ఈమధ్య పాత నాణేల మీద ఆసక్తి మొదలైంది. "అన్నయ్యా, నువ్వు ఆ అమెరికా వెండి డాలరుని నెలనెలా కట్టి కొన్నావంట కదా, మన బంగారం షాపుల్లో స్కీమ్ లాంటిదేనా అది?" అని అడిగాడు. లాంటిదేరా అన్నాను గానీ, వివరంగా చెప్పబోతే పోలికల కన్నా తేడాలే ఎక్కువ తేలాయి. గంటసేపు మాట్లాడి ఫోన్ పెట్టేశాక కూడా అసలు చెప్పాల్సినవి కొన్ని మిగిలిపోయాయి అనిపించింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. నా దగ్గర ఉన్న నాణేల్లో నాకు ప్రాణం లాంటిది 1885 నాటి మోర్గాన్ వెండి డాలరు, నెవాడా రాష్ట్రంలో కార్సన్ సిటీ టంకశాలలో ముద్రించినది. వెనకవైపు గద్ద బొమ్మ కింద, దండకి దిగువన, రెండు చిన్న సీ అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, అదే ఆ టంకశాల గుర్తు. ఆ ఏడాది అక్కడ ముద్రించినవి 2,28,000 మాత్రమే, కార్సన్ సిటీ మోర్గాన్లలో ఇంతకన్నా తక్కువ ముద్రణ ఏ ఏడాదికీ లేదు. అయినా అది అందనంత ధరలో ఉండదు. ఎందుకంటే అందులో సగానికి పైగా ఎవరి చేతిలోనూ పడకుండా సంచుల్లోనే ఉండిపోయాయి. 1960ల్లో వాషింగ్టన్ ఖజానాలో ఆ సంచులు బయటపడితే, ప్రభుత్వం 1972 నుంచి 1980 దాకా విడతలుగా జనానికి అమ్మింది. నల్లటి అట్ట ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఒక్కో నాణెం పెట్టి అమ్మారు, అమ్మిన ప్రభుత్వ శాఖ పేరు మీద వాటినే జీఎస్ఏ డాలర్లు అంటారు. 1885వి అలా అమ్మినవి 1,48,285. అదే 1889వి 3,50,000 ముద్రించారు కానీ ఆ ఖజానాలో దొరికింది ఒక్కటంటే ఒక్కటి. అందుకే ముద్రణ ఎక్కువే అయినా 1889ది ఇవాళ చాలా ఖరీదు. నాణేల్లోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, ఎన్ని ముద్రించారు అన్న లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎన్ని మిగిలాయి అన్నది చూడాలి.

నాకు ఈ డాలరు మీద మనసు పడటానికి వేరే కారణం ఉంది. మా నాయనమ్మ ఇనప్పెట్టెలో అయిదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి ఉండేది, 1918ది. నాయనమ్మ పోయాక అది అమ్మ దగ్గరికి వచ్చింది, ప్రతి వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెడుతుంది. చిన్నప్పుడు నాకు అది ఉత్త పాత రూపాయి. అమెరికా వచ్చాక మోర్గాన్ డాలర్ల గురించి చదువుతుంటే 1918 నాటి పిట్‌మన్ చట్టం దగ్గర ఆగిపోయాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి సరుకులు విపరీతంగా వెళ్లాయి, వాటికి డబ్బు వెండి రూపాయల్లో చెల్లించాలి, జనం ఆ వెండిని దాచుకున్నారు, నోట్లు తీసుకెళ్లి వెండి ఇవ్వమని అడిగారు. ప్రభుత్వం దగ్గర వెండి అడుగంటింది. 1917 చివర్లో ఒక రూపాయి నోటు, ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటు పుట్టడం కూడా ఆ కరువు వల్లే. అప్పుడు బ్రిటన్ అడిగితే అమెరికా ఆ పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది, అందులో సుమారు 26 కోట్ల డాలర్ల వెండి మన దేశం కోసమే బ్రిటన్‌కి అమ్మారు. ఏ ఏడాదివి ఎన్ని కరిగించారో లెక్క కూడా రాసిపెట్టుకోలేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్క వేసి చూశాను. మోర్గాన్ డాలరు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. జార్జి రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. ఒక డాలరు కరిగిస్తే రెండుంపావు రూపాయలు వస్తాయి. నాయనమ్మ రూపాయిలో ఉన్నది ఆ వెండేనని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఆ కొలిమికి దక్కకుండా మిగిలిన డాలరు ఒకటి నా దగ్గర ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

కోరిక బాగానే ఉంది, డబ్బు దగ్గరికి వచ్చేసరికే చిక్కు. నేను చూసిన నాణెం జీఎస్ఏ పెట్టెలోనే ఉండి, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీ ఎంఎస్ 65 గ్రేడు (వాడకంలో అరగని నాణేలకి ఇచ్చే గ్రేడుల్లో ఒకటి) ఇచ్చినది, ధర 1,150 డాలర్లు. అప్పటికి నాకు ఇంటి అద్దె, కారు వాయిదా, ఊరికి పంపే డబ్బు పోగా అంత మొత్తం ఒక్కసారిగా ఒక నాణెం మీద పెట్టే పరిస్థితి లేదు. క్రెడిట్ కార్డు మీద కొనొచ్చు, కానీ నా కార్డు వడ్డీ ఏడాదికి 22 శాతం. వడ్డీ కడుతూ నాణేలు సేకరించడం నాకు ఇష్టం లేదు, ఎవరికీ సలహా కూడా ఇవ్వను. అప్పుడు షాపాయనే లేఅవే పెట్టుకుంటావా అని అడిగాడు.

లేఅవే అంటే మరేం లేదు, వస్తువు మన పేరు మీద పక్కన పెట్టించుకోవడం. కొంత అడ్వాన్సు కడతాం, మిగతాది నెలనెలా కడతాం, చివరి వాయిదా కట్టిన రోజున వస్తువు చేతికి వస్తుంది. వడ్డీ ఉండదు, క్రెడిట్ స్కోరు చూడరు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికాలో ఇది బాగా వ్యాపించింది, చేతిలో డబ్బు ఆడని కుటుంబాలు కోటో, పిల్లల బొమ్మో ఇలా కొనుక్కునేవి. క్రెడిట్ కార్డులు వచ్చాక పెద్ద షాపుల్లో తగ్గిపోయింది. వాల్‌మార్ట్ 2006లో ఆపేసింది, 2011లో పండగల సీజనుకి మళ్లీ తెచ్చింది, 2021లో మళ్లీ తీసేసి, ముందు వస్తువు ఇచ్చి తర్వాత డబ్బు కట్టించుకునే పద్ధతికి మారింది. కానీ నాణేల డీలర్ల దగ్గర, నగల షాపుల్లో లేఅవే ఇంకా బతికే ఉంది, నా అభిప్రాయంలో దానికి తగిన చోటు అదే. టీవీ అయితే ఆరు నెలల తర్వాత ఇంకా మంచిది అదే ధరకి వస్తుంది. ఫలానా నాణెం, ఫలానా మెరుపుతో, దాని మీది అమ్మాయి బొమ్మ బుగ్గ మీద గీతల్లేకుండా ఉన్నది, ఇవాళ పోతే మళ్లీ ఎప్పుడు కనిపిస్తుందో తెలియదు.

మా తమ్ముడు అడిగిన బంగారం స్కీమ్‌తో తేడా ఇక్కడే ఉంది. మన దగ్గర పదకొండు నెలలు కడితే పన్నెండో నెలలో నగ తీసుకుంటాం. అది పదకొండు నెలలే ఎందుకంటే, 2014 నాటి డిపాజిట్ల నిబంధనల ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని కంపెనీ 365 రోజుల్లోపు సరుకు కింద సర్దాలి, దాటితే అది డిపాజిట్ లెక్కలోకి వెళ్తుంది. ఆ స్కీమ్‌లో మనం కట్టేది డబ్బు, ఏ నగ తీసుకుంటామో చివర్లో తేలుతుంది, తరుగు, మజూరీ గోల కూడా అప్పుడే. లేఅవేలో మొదటి రోజే వస్తువు ఇది, ధర ఇది అని ఖాయం. తర్వాత వెండి పెరిగినా తగ్గినా మనం కట్టేది అంతే. పొలం కొనేటప్పుడు బయానా ఇస్తాం చూడండి, దానికి దగ్గరగా ఉంటుంది. ఇంకో పోలిక చెప్పాలంటే కుదువకి సరిగ్గా తిరగేసినది, అక్కడ మన వస్తువు వాళ్ల దగ్గర ఉంటుంది, డబ్బు మన చేతిలో ఉంటుంది, ఇక్కడ వస్తువూ వాళ్ల దగ్గరే, డబ్బూ వాళ్ల దగ్గరే.

ఆ చివరి మాట మళ్లీ చదవండి. వస్తువూ వాళ్ల దగ్గరే, డబ్బూ వాళ్ల దగ్గరే. లేఅవేలో ఉన్న రిస్కంతా ఇదే.

నాకు ఇది 2017లో ఒక దెబ్బతో తెలిసింది. ఆన్‌లైన్‌లో ఒక డీలర్ దగ్గర మామూలు మోర్గాన్ ఒకటి, ఎంఎస్ 64, నాలుగు నెలల లేఅవేలో పెట్టాను. ఫొటోలో అంచు చుట్టూ లేత బంగారు రంగు తిరిగి, అమ్మాయి ముఖం శుభ్రంగా ఉంది. నాలుగు నెలలు కట్టాక ఇంటికి వచ్చిన పార్సిల్ విప్పితే ఏడాది అదే, గ్రేడు అదే, నాణెం వేరు. బుగ్గ మీద సంచిలో ఒకదానికొకటి తగిలి పడే గీతలు, రంగు లేదు. ఫోన్ చేస్తే "ఒప్పందంలో రాసిన ఏడాది, గ్రేడు ప్రకారమే పంపాం" అన్నారు. కాగితం తీసి చూస్తే నిజమే, నాణెం సర్టిఫికేషన్ నంబరు అందులో ఎక్కడా లేదు. తిప్పి పంపుదామంటే వెనక్కి ఇచ్చే గడువు అడ్వాన్సు కట్టిన రోజు నుంచి లెక్కట, అది ఎప్పుడో అయిపోయింది. చాలా బాధపడ్డాను. డబ్బు పెద్దగా పోలేదు, ఆ ధరకి ఆ గ్రేడు నాణెం వచ్చింది, కానీ నాలుగు నెలలు రోజూ ఫొటో చూసుకుంటూ ఎదురుచూసిన నాణెం అది కాదు.

అప్పటి నుంచి నేను ఒక్క సంగతి మీద అసలు తగ్గను. గ్రేడింగ్ కంపెనీలు, అంటే పీసీజీఎస్, ఎన్‌జీసీ, ప్రతి నాణేనికీ ఒక నంబరు ఇస్తాయి. ఆ నంబరు ఒప్పందం కాగితం మీద రాయించాలి. వాళ్ల సైట్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది ఏ నాణెమో, గ్రేడు ఎంతో వస్తుంది, చాలావాటికి ఫొటో కూడా ఉంటుంది. కార్సన్ సిటీ నాణేలకి ఇది మరీ అవసరం, ఎందుకంటే వేరే టంకశాల డాలరు మీద సీసీ అక్షరాలు అతికించి అమ్మే మోసగాళ్లు ఉన్నారు. గ్రేడింగ్ లేని నాణెం లేఅవేలో పెట్టొద్దనే చెబుతాను, ఆర్నెల్ల తర్వాత వచ్చింది అదేనా కాదా అని ఎలా నిరూపిస్తారు? కనీసం రెండు వైపులా మన ఫోన్‌తో మనమే దగ్గరగా ఫొటోలు తీసుకోవాలి.

మళ్లీ 1885 డాలరు దగ్గరికి వస్తాను. 2020 ఫిబ్రవరిలో ఇంటికి దగ్గర్లోనే ఉన్న షాపులో లేఅవే మొదలుపెట్టాను. పాతిక శాతం అడ్వాన్సు, 287 డాలర్ల 50 సెంట్లు. మిగతాది అయిదు నెలలు, నెలకి 172 డాలర్ల 50 సెంట్లు. టెక్సస్‌లో నాణేల మీద సేల్స్ టాక్స్ లేదు కాబట్టి పైన ఇంకేం పడలేదు. నంబరు రాయించాను, ఫొటోలు తీసుకున్నాను, రసీదు తీసుకున్నాను. అయిదు నెలలు ఆగాలంటే కొంచెం కష్టంగానే ఉందని అంటే, షాపు పెద్దాయన నవ్వి, నూట ముప్ఫై అయిదేళ్లు ఆగిన నాణెం, ఇంకో అయిదు నెలలు నీ కోసం ఆగలేదా అన్నాడు.

మార్చి వచ్చింది. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే. డాలస్ కౌంటీలో అందరినీ ఇళ్లలోనే ఉండమన్నారు, షాపు మూసేశారు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. అదే నెలలో వెండి ధర ఔన్సు 12 డాలర్ల కిందకి పడిపోయింది. మా ఆఫీసులో కాంట్రాక్టు వాళ్లందరికీ పని గంటలు తగ్గించారు. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ రోజుల్లో ఎంత టెన్షన్‌గా ఉండేదో మాటల్లో చెప్పలేను, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో వేరే దారి చూసుకోవాలి, లేదా సర్దుకుని వెళ్లిపోవాలి. నా భార్య ఒక్క మాట కూడా అనలేదు, కానీ రాత్రి ఖర్చుల పుస్తకం రాసేటప్పుడు ఆ 172 దగ్గర పెన్ను ఆగేది, నేను చూశాను.

రద్దు చేద్దామని ఆ కాగితం బయటికి తీశాను. నంబరు మీద అంత పట్టుదలగా ఉన్నవాణ్ణి, రద్దు షరతు మాత్రం సరిగా చదవలేదు. ధరలో పది శాతం, అంటే 115 డాలర్లు, పట్టుకుంటారు. మిగతాది నగదుగా ఇవ్వరు, ఆ షాపులోనే ఇంకేదైనా కొనుక్కోవాలి. అప్పటికి నేను కట్టింది మొదటి వాయిదాతో కలిపి 460. మూసి ఉన్న షాపులో 345 డాలర్ల సరుకు నాకేం పనికొస్తుంది? అసలు ఆ షాపు మళ్లీ తెరుస్తారా? దివాలా తీస్తే నా నాణెం నాదే అవుతుందా? అప్పుడే అన్నీ చదివాను. లేఅవే కోసమని ప్రత్యేకంగా ఫెడరల్ చట్టం ఏదీ లేదు. మేరీలాండ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో సొంత చట్టాలు ఉన్నాయి. దివాలా చట్టంలో వినియోగదారులు కట్టిన అడ్వాన్సులకి ఒక పరిమితి దాకా ప్రాధాన్యం ఇచ్చారు, కానీ ప్రాధాన్యం ఉందంటే డబ్బు చేతికి వచ్చినట్టు కాదు, వరసలో కాస్త ముందు నిలబెడతారు అంతే.

పదకొండో రోజున పెద్దాయనే ఫోన్ చేశాడు. ఆయనకి ఒంట్లో బాగాలేక ఇంట్లో విడిగా ఉన్నాడట. నాణెం బ్యాంకు లాకర్లో ఉందని, వాయిదాలు రెండు నెలలు ఆపుకోమని, అదనంగా ఒక్క డాలరు కూడా వద్దని చెప్పాడు. నేను ఆ మాటనే ఈమెయిల్‌లో రాసి పంపమని అడిగాను. ఆరోగ్యం బాగాలేని మనిషిని అలా అడగడానికి మొహమాటం వేసింది, అయినా అడిగాను, ఆయన ఆ సాయంత్రమే పంపాడు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టి సెప్టెంబరులో పూర్తి చేశాను. ఈలోపు ఆగస్టులో వెండి 28 దాటింది. ఆ పతనమూ ఆ పెరుగుదలా నా ధరని ఏమీ చేయలేదు. నిజానికి ఇలాంటి నాణేనికి వెండి ధర చాలా చిన్న భాగం, ముప్పావు ఔన్సు వెండి, మిగతాదంతా ఆ రెండు సీ అక్షరాలకీ, ఆ గ్రేడుకీ, ఆ ప్లాస్టిక్ పెట్టెకీ.

మా తమ్ముడు ఇదంతా విని, అయితే నువ్వు చెయ్యమంటావా వద్దంటావా అన్నాడు. చెయ్యమనే అంటాను, కొన్ని అడిగి తెలుసుకున్నాక. రద్దు చేస్తే ఎంత పట్టుకుంటారు, నగదు ఇస్తారా ఇవ్వరా. ఒక వాయిదా ఆలస్యమైతే ఏమవుతుంది, కొన్ని చోట్ల మొత్తం ఒప్పందమే రద్దు అవుతుంది. వెనక్కి ఇచ్చే గడువు ఏ రోజు నుంచి, నాణెం మన చేతికి వచ్చిన రోజు నుంచి ఉంటేనే దానికి అర్థం. నాణెం ఈ ఆర్నెల్లూ ఎక్కడ ఉంటుంది, దొంగతనం జరిగితే బీమా ఉందా. ఇంకో మాట, లేఅవే అని నగదు ధర కన్నా ఎక్కువ రాస్తున్నారేమో చూడాలి. వడ్డీ లేదంటూనే ధరలో కలిపేసేవాళ్లు ఉంటారు. వేలాల్లో ఇటీవల ఆ గ్రేడు నాణెం ఎంతకి పోయిందో ముందే చూసుకుంటే అది తెలిసిపోతుంది. ఆరు నెలలు దాటే లేఅవే మాత్రం నేను పెట్టను, అంతకాలం ఒకరి దగ్గర డబ్బు, వస్తువు రెండూ వదిలేయడం నాకు ఎక్కువ అనిపిస్తుంది. అలాగే ఒకేసారి రెండు పెట్టను.

ఇండియాలో వాట్సాప్‌లో తిరిగే "మీ పాత నోటుకి లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" లాంటివాటికీ దీనికీ సంబంధం లేదు, అది వేరే. రిజర్వ్ బ్యాంకు 2021లో వాటి గురించి హెచ్చరించింది కూడా, తమ పేరు వాడి పాత నాణేల మీద కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లని నమ్మొద్దని. మా తమ్ముడికి అది గట్టిగా చెప్పాను, వాడు అప్పటికే ఒకడితో మాట్లాడుతున్నాడు.

చివర్లో వాడు ఒక ప్రశ్న అడిగాడు, నాయనమ్మ రూపాయి నువ్వే తీసుకెళ్లి ఆ డాలరు పక్కన పెట్టుకోవచ్చు కదా అని. నాకూ ఆ కోరిక ఉంది. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 1918 రూపాయికి 2018లోనే వందేళ్లు నిండాయి. అదీకాక వ్రతం రోజున అది అమ్మ దగ్గర లేకపోతే ఎలా?

మొన్న వాడు ఆ రూపాయిని తెనాలిలో తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్లి తూయించాడు. 11.4 గ్రాములు వచ్చింది, అరిగింది కదా. ఎన్ని చేతులు మారిందో. నా డాలరుని నేను ఎప్పుడూ తూచలేదు, తూచాలంటే 1970ల్లో వేసిన ఆ ప్లాస్టిక్ తెరవాలి.